ఒక్కరే ఉన్న క్లాసు

రక్తపరీక్షల గదిలో ఆమెను అందరూ సూదక్క అనేవారు. నరం దొరకని ముసలివాళ్ళను, సూదిని చూడగానే ఆస్పత్రి అదిరిపోయేలా ఏడ్చే పిల్లలను ఆమె దగ్గరికే పంపేవారు. "అయిపోయిందా?" అని వాళ్ళు అడిగేసరికి ఆమె దూది అదిమిపెట్టి ఉండేది. అంత పేరున్న మనిషి నలభై దాటాక ఒక కాలేజీ బెంచీ మీద కూర్చుని, పట్టుమని ఒక వరుసైనా లేని లెక్క ముందు చెమటలు కక్కుతుందని చెబితే ఆస్పత్రిలో ఎవరూ నమ్మి ఉండేవారు కారు.

అదంతా భర్త పోయాక మొదలైంది. ఆయన దూరప్రయాణాల బస్సు నడిపేవాడు. ఎముకలో చీము పట్టి ఆస్పత్రిలో పడ్డాడు. ఆయనకిచ్చిన మందు చాలా ఘాటైనది. ఒంట్లో ఎంత నిలిచిందో చూడడానికి తరచూ రక్తం తీయాల్సి వచ్చేది. ఇంకెవరి చేతికీ చెయ్యి ఇచ్చేవాడు కాదు. సూదక్కే తీసి, తనే పరీక్ష చేసి, అంకె రాసి పైకి పంపేది. సాయంత్రానికి మందు మోతాదు మారేది.

ఒకరోజు ఆయన అడిగాడు. "నువ్వు అంకె ఇస్తావు. వాళ్ళు మందు మారుస్తారు. ఈ రెండిటికీ మధ్య ఏం జరుగుతుందే?"

"అది డాక్టర్ల పనిలెండి. నాకేం తెలుసు?"

"ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తి చూడని డ్రైవర్‌లా ఉన్నావే," అని నవ్వాడు.

మందు తప్పేం లేదు. జబ్బే ముదిరిపోయింది. ఆయన పోయాక మేడ మీది రెండు గదుల ఇల్లు ఆమెకు ఒక్కసారిగా పెద్దదైపోయింది. రేడియో పెడితే ఎవరో ఉన్నట్టుండి మరీ కష్టంగా ఉండేది. కట్టేస్తే ఫ్రిజ్ మోత ఒక్కటే. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పి, తాళంచెవి మేకుకు తగిలించాక మర్నాడు ఉదయం దాకా నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. కొన్నిసార్లు ఆస్పత్రిలో మొదటి రోగిని పలకరించినప్పుడు గొంతు బొంగురుగా పలికేది. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

అలా కొంతకాలం గడిచాక, ఆస్పత్రి ఉద్యోగులు సాయంత్రాలు చదువుకునే కోర్సులలో ఔషధశాస్త్రం కూడా ఉందని తెలిసింది. మందు ఒంట్లోకి ఎలా వెళుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఎలా పోతుంది అన్నదే ఆ చదువు. సూదక్క ఆ రోజే పేరు ఇచ్చింది. కాకపోతే మెలిక ఒకటుంది. ముందు లెక్కల పరీక్ష పాసవ్వాలి, అందులో సగం కాల్క్యులస్.

ఒకప్పుడు ఆమె కాల్క్యులస్‌లో క్లాసుకే మొదటిది. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, ఆయన బస్సు వేళలు, తన షిఫ్టులు. లెక్కలన్నీ అటకెక్కాయి. దించి దుమ్ము దులిపితే చాలనుకుంది. తెల్లవారుజామున వంటగది బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో పాఠాల వీడియోలు పెట్టుకుంది. పాఠం చెప్పే కుర్రాడు హుషారైనవాడే. ఒక మెట్టు దాటి ఇంకో మెట్టుకు దూకుతూ, "చూశారా, ఎంత తేలికో!" అని నవ్వేవాడు. ఆమెకు అర్థమయ్యేది కాదు. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టేది. వాడు మళ్ళీ అదే మాట అని, అదే నవ్వు నవ్వేవాడు. ఇంకోసారి తిప్పింది. మళ్ళీ అదే నవ్వు. చివరికి ఫోన్ బోర్లా పెట్టేసి, చల్లారిన టీ తాగింది.

ఆదివారం అక్క ఫోన్ చేసింది.

"ఈ వయసులో నీకెందుకే ఈ తలనొప్పి? నా దగ్గరికొచ్చి నాలుగు రోజులుండు, పిల్లలతో సందడిగా ఉంటుంది."

"సందడి కోసం కాదక్కా."

"మరి దేనికి?"

సూదక్క చెప్పబోయి ఊరుకుంది. ఆయన అడిగిన ప్రశ్న సంగతి చెబితే అక్క ఏడుస్తుంది. అక్కను ఓదార్చే పని మళ్ళీ తన మీదే పడుతుంది.

"ఊరికే," అంది.

పరీక్షకు తయారయ్యేవాళ్ళ కోసం కాలేజీలో సాయంత్రం క్లాసు ఒకటి పెట్టారు. పాఠం చెప్పే పెద్దాయన ఎప్పుడో రిటైరయ్యాడు. బోర్డు వైపు తిరిగాడంటే వెనుక భూకంపం వచ్చినా పట్టించుకోడని పిల్లలు ఆయనకు గోడమాస్టారని పేరు పెట్టారు. మొదటిరోజు డజను మందికి పైగా వచ్చారు. సూదక్క తప్ప అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే. ఒకమ్మాయి ఆమెను చూసి, "మేడమ్, క్లాసు మీరే చెబుతారా?" అని అడిగింది.

మాస్టారు అందరికీ చిన్న చిన్న లెక్కలిచ్చి, బెంచీల మధ్య తిరుగుతూ సూదక్క దగ్గర ఆగాడు. ఆమె రాసింది వంగి చూశాడు.

"ఏ ప్లస్ బీ మొత్తం స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేరేనా అమ్మా? మధ్యలో రెండు ఏబీ ఉండాలే. ఎవరెత్తుకుపోయారు?"

క్లాసంతా నవ్వింది. ఆమె చెవులు వేడెక్కాయి. ఆయన మాత్రం నవ్వలేదు. పక్కనే కూర్చుని ఆమె కాగితం మొత్తం చదివాడు.

"మీకు కాల్క్యులస్ బాగానే గుర్తుంది. ఇదిగో, ఈ డెరివేటివ్ సరిగ్గా చేశారు. తుప్పు పట్టింది కింద ఉన్న సామాను. భిన్నాలు, ఘాతాలు, లాగరిథమ్‌లు. మేడ బాగానే ఉంది, మెట్లు విరిగాయి, అంతే."

"ఎన్నాళ్ళు పడుతుంది మాస్టారూ?"

"మెట్లు బాగుచేసుకోవడానికి సిగ్గుపడకపోతే తొందరగానే."

ఆ రాత్రి ఆమె ఎనిమిదో తరగతి లెక్కలతో మొదలుపెట్టింది. సిగ్గుపడటానికి ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరు. ఒంటరితనంలో ఇదొక్కటే సుఖమనుకుని తనలో తనే నవ్వుకుంది.

కుర్రవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. వాళ్ళకు వీడియోలే చాలు, ఆ హుషారు కుర్రాడి వేగం వాళ్ళకు సరిపోయింది. వారాలు గడిచేసరికి ఆ పెద్ద హాల్లో సూదక్క ఒక్కతే మిగిలింది. ఆమె మూడో వరుసలో కూర్చునేది. ముందుకు రమ్మని మాస్టారు అనలేదు, ఆమె వెళ్ళనూ లేదు. ఆయన మటుకు హాలు నిండా జనం ఉన్నట్టే చెప్పేవాడు.

"మీలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు," అనేవాడు బోర్డు వైపు తిరిగి. లేదా, "వెనక వరుసవాళ్ళకు వినబడుతోందా?" అని.

"వినబడుతోంది మాస్టారూ," అనేది సూదక్క.

ఒకరోజు ఆఫీసులో పనిచేసే ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. "ఏంటి మాస్టారూ, ఈ ఒక్కరి కోసం ఇంత హాలా? లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసుకుని! ఇంకో క్లాసుకు ఇచ్చేస్తున్నాం. పైన మూల గది ఉంది, అందులో కూర్చోండి."

పై అంతస్తు మూల గదిలో విరిగిన కుర్చీలు దొంతరగా పేర్చి ఉన్నాయి. బోర్డు చిన్నది, కిటికీకి అవతల నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనిపించదు. అక్కడే ఆమెకు లాగరిథమ్‌ల భయం పోయింది. అక్కడే చైన్ రూల్ మళ్ళీ చేతికొచ్చింది.

"పార్సెల్ విప్పినట్టే," అన్నాడు మాస్టారు. "ముందు బయటి కాగితం, తర్వాత లోపలి కాగితం. లోపలున్నదాన్ని ముందే పీకితే చిరుగుతుంది."

ఇంకోరోజు, ఎంత ఉంది అన్నది వేరు, ఎంత వేగంగా తగ్గుతోంది అన్నది వేరు అని చెప్పాడు. ఒంట్లో మందు ఎక్కువున్నప్పుడు ఎక్కువ వేగంగానూ, తగ్గేకొద్దీ నెమ్మదిగానూ పోతుంది. ఆ ఒక్క మాటను సమీకరణంగా రాసి, ఇంటిగ్రేట్ చేసి, కొద్దికొద్దిగా వాలే గీతను బోర్డు మీద గీశాడు. "ఇది సున్నాకు ఎప్పటికీ చేరదు."

"మా ల్యాబులో చేరుతుంది మాస్టారూ. బాగా తగ్గిపోతే మా మిషన్ ఇక లేదనేస్తుంది."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు. "మీ మిషన్ ఓపిక అంతవరకేనమ్మా. మందు తప్పేం లేదు," అన్నాడు. మొదటిసారి ఇద్దరూ కలిసి నవ్వారు.

క్లాసయ్యాక బస్సు ఆగేచోటు దాకా కలిసే నడిచేవారు. ఆ కాసేపూ మాటలుండేవి కావు. ఆయన బస్సు ముందొచ్చేది. ఎక్కి, కిటికీ పక్క కూర్చుని, తల కొంచెం ఊపేవాడు. ఆ తర్వాత ఆమె బస్సు వచ్చేదాకా నిలబడేది. రోజంతటిలో ఆమెను పేరుకైనా గమనించి ఊపే తల అదొక్కటే.

ఒక సాయంత్రం మాస్టారు రాలేదు. మర్నాడూ రాలేదు. సూదక్క మూల గదిలో కూర్చుని, తనే లెక్క బోర్డు మీద రాసి, తనే చేసి, తుడిచేసి వెళ్ళింది. కింద ఆఫీసులో అడిగితే, "చెప్పా పెట్టకుండా మానేశారు. పెద్దాయన కదా, ఓపిక లేదేమో," అన్నారు. ఇల్లెక్కడో వాళ్ళకూ తెలియదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మీలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారన్న గొంతు ఒక్కటి తప్ప ఆయన గురించి తనకేమీ తెలియదని ఆమెకు ఆ రోజు తెలిసొచ్చింది.

ఆ వారంలోనే ఒక ఉదయం, మగవాళ్ళ వార్డులో నరం దొరకని రోగి ఉన్నాడని పిలుపొచ్చింది. ట్రే పట్టుకుని వెళ్ళింది. మంచం మీద గోడమాస్టారు. గడ్డం మాసింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండు చేతుల మీదా ఎవరో పొడిచి పొడిచి నీలిమచ్చలు చేశారు.

"మాస్టారూ!"

ఆయన కళ్ళు తెరిచి ఆమెనూ ట్రేనూ చూశాడు. "మీరు సూదులు గుచ్చుతారని చెప్పనేలేదే."

"మీరు అడగలేదు మాస్టారూ."

మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందట. మెట్ల మీద పడిపోతే పక్కింటివాళ్ళు తెచ్చి చేర్పించి వెళ్ళారు. సూదక్క ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేలితో తడిమి, మణికట్టు దగ్గర నరం పట్టుకుంది. ఆయనకు తెలిసేలోపే అయిపోయింది.

బయటికి రాగానే వార్డు నర్సమ్మ పట్టుకుంది. ఆవిడకు కబుర్లంటే ప్రాణం, కాగితాలంటే అంతకన్నా ప్రాణం. "సూదక్కా, ఆయన నీకు తెలుసా? తనవాళ్ళెవరూ లేరంటాడు. ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి? ఏమవుతాడు నీకు?"

"లెక్కలు చెబుతారు."

"అది చుట్టరికం కాదుగా. ఏమని రాయను?"

సూదక్క ట్రే బల్ల మీద పెట్టింది. "బాబాయి అని రాయి," అంది.

ఆ మాట అన్నాక పనులు మీద పడ్డాయి. పొద్దున పాలు, దుప్పటి, కళ్ళజోడు, డాక్టరు చెప్పే సంగతులు. అన్నిటికీ బాబాయి తాలూకు మనిషినే పిలిచేవారు. నాలుగు రోజులకు ఆయనకు సంగతి తెలిసింది. ముఖం గంటు పెట్టుకున్నాడు.

"నేనెవరికీ బరువు కాదలుచుకోలేదు. జాలి పడేవాళ్ళు నాకక్కర్లేదు."

సూదక్కకు కోపం వచ్చింది. ఈమధ్య ఎవరి మీదా కోపం వచ్చేంత దగ్గరితనం లేక, అదెలా ఉంటుందో మరిచిపోయింది. "జాలి ఎవరికండీ? పరీక్ష నెత్తిమీదికొచ్చింది. ఇంటిగ్రేషన్ సగంలో వదిలేసి మీరొచ్చి ఇక్కడ పడుకున్నారు. నేనెవర్ని అడగను?"

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కాగితం ఉందా?" అన్నాడు.

రోజూ డ్యూటీ అయ్యాక ఆమె మంచం పక్కన స్టూలు వేసుకునేది. ఆయన పడుకునే చెప్పేవాడు. గాలిలో వేలితో గీసేవాడు. కొన్నిరోజులు ఒక లెక్క పూర్తికాకముందే నిద్రలోకి జారుకునేవాడు. ఆమె ముగించి, ఆయన లేచేదాకా కూర్చునేది. ఇంటికెళ్ళే తొందరేముంది?

ఆయనకిస్తున్నది కూడా ఘాటైన మందే. ఒంట్లో ఎంత ఉందో చూడడానికి కొన్ని గంటల తేడాతో రెండుసార్లు రక్తం తీశారు. రెండు అంకెలూ ఆమే ఇచ్చింది. ఈసారి అంకె ఇచ్చి ఊరుకోలేదు. స్టూలు మీద కూర్చుని, మొదటి అంకెను రెండోదానితో భాగించి, లాగరిథమ్ తీసి, మధ్య గంటలతో భాగించింది. రెండుకు లాగరిథమ్ తీసి దాన్ని ఆ జవాబుతో భాగిస్తే, మందు సగానికి తగ్గడానికి నాలుగు గంటల పైచిలుకు పడుతోందని తేలింది. మామూలు మనుషుల్లో కన్నా ఇది నెమ్మది. మూత్రపిండాలు మెల్లగా పనిచేస్తున్నాయి. అంటే మందును ఎడమిచ్చి వెయ్యాలి. సాయంత్రం డాక్టరు వచ్చి, "ఇకనుంచి మందు కాస్త ఎడం పెట్టి ఇద్దాం," అని చెప్పి వెళ్ళాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంకెకూ మందుకూ మధ్య ఏం జరుగుతుందో అడిగిన మనిషికి ఇప్పుడు చెప్పగలదు. వినేవాడే లేడు.

మాస్టారు ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వరుసవరుసా చూశాడు. "లెక్క సరే. జవాబు పక్కన గంటలని రాయలేదేం? నాలుగు ఏమిటి, నాలుగు బస్తాలా?"

ఆమె కన్నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"బాబాయినయ్యాక ఇంకా మీరు మీరు అంటే బాగోదు," అన్నాడాయన. "రాయి నువ్వు. గంటలు అని రాయి."

జ్వరం తగ్గింది. డిశ్చార్జి చేసే ముందురోజు ఆయన తమ్ముడు దూరం నుంచి వచ్చాడు. ఆస్పత్రివాళ్ళు ఎలాగో కబురందించారు. నెరిసిన మీసాల మనిషి. ముఖంలో మాస్టారి పోలికలే, ఒళ్ళు మాత్రం రెండింతలు. అన్నను చూడగానే, "పడిపోతే ఒక్క మాట చెప్పవా? నేను చచ్చాననుకున్నావా?" అని గట్టిగా అరిచి, వెంటనే వచ్చి మంచం మీద కూలబడి ఏడ్చాడు. సూదక్క లేచి స్టూలు వెనక్కి జరిపింది. తన బాబాయి వరస ఇక్కడితో సరి అనుకుంది.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని ఆమెను చూశాడు. "ఈవిడెవరు?"

"నా క్లాసు," అన్నాడు మాస్టారు.

"క్లాసా? ఒక్కరేనా?"

"మిగతావాళ్ళు రాలేదు."

మర్నాడు తమ్ముడు ఆయన్ను తనతో తీసుకెళ్ళిపోయాడు. కారు ఎక్కబోతూ మాస్టారు వెనక్కి తిరిగి, "భిన్నాల దగ్గర తొందరపడకు," అని మాత్రం అన్నాడు. సూదక్క గేటు దాకా వెళ్ళి చూసి, తిరిగి రక్తపరీక్షల గదికి వచ్చింది. వరుసలో ఇరవై మంది చేతులు చాపుకుని కూర్చున్నారు.

పరీక్ష వర్షం పడుతున్న ఉదయం జరిగింది. క్లాసు మానేసిన కుర్రవాళ్ళంతా వచ్చారు. మొదటిరోజు అడిగిన అమ్మాయి, "ఆంటీ, మీకేమైనా వచ్చా?" అంది ఆప్యాయంగానే. సూదక్క డిఫరెన్షియేషన్ అంతా చేసింది. లాగరిథమ్‌ల దగ్గర రెండుసార్లు సరిచూసుకుంది. ఒక ఇంటిగ్రేషన్ మాత్రం ఎంత తిప్పినా కొలిక్కి రాలేదు. వదిలేసి లేచింది.

పాసైంది. అంత గొప్ప మార్కులేం కావు. అక్కకు ఫోన్ చేసింది. "మంచిదే! మరి ఇక కాస్త విశ్రాంతి తీసుకో," అంది అక్క.

"ఇప్పుడే కదక్కా మొదలు," అంది ఆమె. అక్కకు అర్థం కాలేదు. వెనక పిల్లల గోల వినబడుతోంది. "తర్వాత చేస్తానే," అని అక్క పెట్టేసింది.

తర్వాత మాస్టారికి చేసింది. ఈసారి ఎత్తాడు. గొంతు పలచబడింది.

"పాసయ్యాను బాబాయ్."

"తెలుసు. ఏ లెక్క వదిలేశావు?"

"వదిలేశానని మీకెవరు చెప్పారు?"

"అన్నీ చేసి ఉంటే గొంతు వేరుగా ఉండేది. చెప్పు."

చెప్పింది. ఎక్స్‌ను 'ఈ' పవర్ మైనస్ ఎక్స్‌తో గుణించి ఇంటిగ్రేట్ చెయ్యమన్నారు. మింగిన మాత్ర రక్తంలోకి ఎక్కి, మళ్ళీ దిగే గీతలాగే ఉంటుంది ఆ లెక్క.

"రెండు ముక్కలు చెయ్యాలి. ఒకదాన్ని డిఫరెన్షియేట్ చేస్తావు, ఇంకోదాన్ని ఇంటిగ్రేట్ చేస్తావు. దేన్ని చేస్తే చిన్నదవుతుందో..." ఆయనకు దగ్గొచ్చింది. వెనకాల తమ్ముడు ఏదో కేకేస్తున్నాడు. "వీళ్ళు నన్ను మాట్లాడనివ్వరు. నువ్వే చెయ్యి."

"చేస్తాను. సరైందో కాదో రేపు ఫోన్‌లో చెబుతారా?"

"నన్నెందుకు అడగడం? వచ్చిన జవాబును డిఫరెన్షియేట్ చెయ్యి. మొదటి లెక్క తిరిగొస్తే సరే. రాకపోతే తప్పు. దానికి పక్కన ఎవరూ ఉండక్కర్లేదు."

ఫోన్ కట్టయింది. బయట వెలుతురు ఇంకా ఉంది. సూదక్క వంటగది బల్ల మీద పళ్ళెం పక్కకు జరిపి కాగితం పరుచుకుంది. మొదట ముక్కలు తారుమారు చేసింది. లెక్క పెరిగి పెద్దదైంది. కొట్టేసింది. ముక్కలు మార్చి మళ్ళీ మొదలుపెట్టింది. మైనస్ గుర్తు ఒకచోట జారిపోయింది, వెతికి పట్టుకుంది. చివరికి జవాబు వచ్చింది. చిన్నదే, ఒక వరుసలో సరిపోయింది.

కింద ఇంకో గీత గీసి, ఆ జవాబును డిఫరెన్షియేట్ చేయడం మొదలుపెట్టింది. ముందు బయటిది, తర్వాత లోపలిది. రెండు ముక్కలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మిగిలింది చూసింది. ఎక్స్, పక్కన 'ఈ' పవర్ మైనస్ ఎక్స్. పరీక్ష కాగితంలో ఇచ్చిన లెక్క, ఉన్నది ఉన్నట్టు.

"వచ్చింది," అంది పైకే.

తన గొంతు తనకే వినిపించింది. బొంగురుగా లేదు. కాగితం కొసన తేదీ వేసింది. పాలు పొయ్యి మీద పెట్టి, కొత్త కోర్సు మొదటి పాఠం తెరిచింది.